మెట్టెలున్న వేళ్ళ మధ్య ఈ సిలికాన్ ముక్కలు ఎలా పెట్టుకోవాలి?

చీరలషాపు అక్క:
అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్ళు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చీరల షాపులో 16 ఏళ్ళుగా సేల్స్‌లో ఉన్నాను. పొద్దున పదింటికి నిలబడితే మళ్ళీ కూర్చునేది అన్నాల వేళే, అదీ అరగంట. లోపల చెప్పులు వేసుకోనివ్వరు, కింద పాలరాయి.

కుడికాలి బొటనవేలు మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చింది. వేలేమో పక్కవేలి మీదికి వాలిపోయింది. ఆనెకాయ అనుకుని ఆనెల ప్లాస్టర్ అంటించాను. చర్మం ఊడింది గానీ ఎముకని ప్లాస్టర్ ఏం చేస్తుంది! డాక్టరు గారు చూసి బునియన్ అన్నారు, వెడల్పు చెప్పులు వేసుకోమని పంపేశారు.

మా అమ్మాయి ఆన్‌లైన్‌లో వేళ్ళ మధ్య పెట్టుకునే స్పేసర్లు తెప్పించింది. పెట్టె మీద ఒకపక్క వంకర వేలు, ఇంకోపక్క తిన్నటి వేలు. ఆశపడి మొదటి రాత్రే పెట్టుకుని పడుకున్నా. రెండింటికల్లా వేళ్ళు సలిపి మెలకువ వచ్చేసింది. పైగా రెండో వేలి మెట్టె ఆ సిలికాన్‌కి అడ్డం పడి ఒరుసుకుపోతోంది. తీద్దామంటే మా అత్తగారు, "మొగుడు ఇంట్లో ఉండగా మెట్టెలు తీసేదాన్ని నేనెక్కడా చూళ్ళేదు" అన్నారు.

అసలు ఎంతసేపు పెట్టుకోవాలి? నిజంగా వేలు తిన్నగా అవుతుందా?

ఫిజియో కాకినాడ:
అక్కా, మొదటి రోజే రాత్రంతా పెడితే సలపక ఏం చేస్తుంది? కూర్చున్నప్పుడు పది నిమిషాలతో మొదలుపెట్టండి. అలవాటయ్యాక నెమ్మదిగా అరగంట దాకా పెంచుకోవచ్చు. తిమ్మిరెక్కినా, వేలు రంగు మారినా వెంటనే తీసేయండి.

తిన్నగా మాత్రం అవదు. పెట్టె మీద బొమ్మ నమ్మకండి. పెద్దవాళ్ళలో ఎముక పక్కకి జరిగాక అది స్పేసర్‌తో వెనక్కి రాదు, తీయగానే వేలు మళ్ళీ పాత చోటికే పోతుంది. వేళ్ళు ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఉంటాయి, బిగుసుకున్న చోట కాస్త సాగుతుంది, కొందరికి నొప్పి తగ్గుతుంది. అంతే. ఎముకని సరిచేసేది ఆపరేషనే. అది నొప్పితో నడవలేని వాళ్ళకి, వంకరగా కనిపిస్తోందని చేయించుకునేది కాదు.

ఇది చాలావరకు వంశంలో వచ్చే పాదం తీరు. ముందువైపు ఇరుగ్గా ఉండే చెప్పులు దాన్ని పెంచుతాయి. మీ అమ్మగారి పాదాలు ఓసారి గుర్తు తెచ్చుకోండి.

డబ్బు పెట్టని పద్ధతి ఒకటి చెప్తా. కాలు మీద కాలు వేసుకుని, చేతివేళ్ళు కాలివేళ్ళ సందుల్లో దూర్చి, మెల్లగా ముందుకీ వెనక్కీ వంచండి. ఆ తర్వాత గోడకి చేతులు ఆనించి, వెనక కాలి మడమ నేలకి నొక్కిపెట్టి పిక్క సాగదీయండి, 30 సెకన్ల చొప్పున మూడుసార్లు. రోజంతా నిలబడేవాళ్ళకి పిక్కలు పట్టేస్తాయి, ఆ బరువంతా పాదం ముందుభాగం మీద పడుతుంది.

రిటైర్డ్ కండక్టర్:
ముందు షుగర్ ఉందో లేదో చూసుకోండమ్మా. నాకు 12 ఏళ్ళుగా ఉంది. మా వాడు తెచ్చిచ్చిన స్పేసర్లు పెట్టుకుని క్రికెట్ చూస్తూ కూర్చున్నా. అరికాళ్ళలో స్పర్శ తక్కువ కదా, నొప్పే తెలియలేదు. తీసి చూస్తే చిటికెన వేలి పక్కన పొక్కు. అది మానడానికి నెలన్నర పట్టింది.

గుంటూరు టీచర్:
మెట్టెల సంగతి నేను చెప్తా. నావి నోరు విడిగా ఉండే రకం, సులువుగా వస్తాయి. స్పేసర్లు పెట్టుకునే ఆ పావుగంటా మెట్టెలు తీసి కుంకుమ భరిణె పక్కన పెట్టి, అయ్యాక మళ్ళీ పెట్టుకుంటా. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

చీరలషాపు అక్క:
మూడు వారాలయింది, ఎలా ఉందో చెప్దామని వచ్చా. షుగర్ లేదు, టెస్ట్ చేయించుకున్నా. మా అమ్మ కుడికాలూ అచ్చం ఇంతే, ఇన్నాళ్ళూ చూసి కూడా పట్టించుకోలేదు. రాత్రి అన్నాలయ్యాక ఇరవై నిమిషాలు పెట్టుకుంటున్నా, మెట్టెలు దేవుడి గూట్లో. వేలు ఉన్నచోటే ఉంది గానీ రాత్రి సలుపు తగ్గింది. అసలు మేలు మాత్రం కౌంటర్ వెనక వేసిన రబ్బరు మ్యాట్ చేసింది. మేనేజర్‌ని నాలుగుసార్లు అడిగితే, కస్టమర్లకి కనపడదు కదా అని ఒప్పుకున్నారు.

నిన్న మా అత్తగారు తన కాలికి కూడా ఆ ముక్కలు పెట్టమన్నారు. ఆవిడకి షుగర్. కండక్టర్ గారు చెప్పింది చదివి వినిపించి, ఇవ్వనన్నాను. మూతి ముడుచుకుని కూర్చున్నారు.