నేటి సమస్య: నీరు లేని చోట నిలిచె నరుడు

నిర్వాహకుడు (తిరుపతి):
ఛందస్సు ఆటవెలది. రేణిగుంట దగ్గర రాళ్లకాలువ లోయలో దొరికిన ప్రాచీన శిలాయుగపు పనిముట్లను గురించి చదువుతుండగా ఈ పాదం తోచింది. మనిషి ఏటి ఒడ్డును విడవలేదని ఆ రాళ్లు చెబుతుంటే, పాదం అందుకు ఎదురు చెబుతున్నది. ఆ విరోధాన్ని మానవ పరిణామ కథతోనే పరిహరించాలి.

తిరుచానూరు సభ్యుడు:
చెట్టు దిగినవాడు చేరె నేటి దరిని
కాళ్ళ మీద నడిచె గడ్డి నేల
లూసి యెముక చెప్పె లోకమున కిది: మున్
నీరు లేని చోట నిలిచె నరుడు.

మన పూర్వులు సముద్రతీరపు నీళ్లలో నిలబడటం నేర్చారని 1960లో బ్రిటిష్ సముద్రజీవ శాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ ఊహించాడు. అందుకు బదులుగా, 1974లో ఇథియోపియాలోని హడార్‌లో దొరికిన 32 లక్షల ఏళ్ల నాటి మానవ పూర్వజాతి అస్థిపంజరం లూసిని సాక్షిగా పిలిచాను.

నిర్వాహకుడు:
"మున్", "నీరు" కలిసి మున్నీరు, అంటే సముద్రం, అయ్యే విరుపు ముచ్చటగా ఉన్నది. అయితే "చేరెను ఏటి" అనే అర్థంలో వాడిన "చేరె నేటి" అన్నది వినేవారికి "ఈనాటి దరి" అనిపిస్తుంది. సాక్ష్యం విషయంలోనూ ఒక సవరణ ఉన్నది: ఎముకలు చెప్పింది రెండు కాళ్ల నడకను మాత్రమే, అక్కడ ఉన్నవి మంచినీటి సరస్సూ ఏరులూ అని చెప్పింది వాటిని దాచిన ఒండ్రుమట్టి.

చంద్రగిరి సభ్యురాలు:
చెమట తడియె తనకు చెలమయై తోడుండ
మిట్ట యెండలోన మెకము దరిమి
నాల్క జాపి లేడి నడలేక కూలిన
నీరు లేని చోట నిలిచె నరుడు.

నిర్వాహకుడు:
లేడి రొప్పుతూ ఒళ్లు చల్లార్చుకోవాలి, పరుగు మధ్య అది సాగదు. మనిషికి ఇరవై లక్షలకు పైగా ఉన్న స్వేదగ్రంథులు పరుగు ఆపకుండానే ఆ పని చేస్తాయి. పద్యం అందుకున్నది అదే. కానీ అమ్మా, స్వర్ణముఖి ఇసుకలో చెలమ తోడినకొద్దీ ఊరుతుంది, చెమట పోయినకొద్దీ పోతుంది. ఎండలో పరుగెత్తేవాడు గంటకు లీటరుకు పైగా కోల్పోతాడు కనుక ఆ వేటగాడు చెలమ కాదు, చిల్లికుండ. "చలువయై" అంటే అర్థం కుదురుతుంది గాని చె–చ యతి చెడుతుంది.

చంద్రగిరి సభ్యురాలు:
చెలమను వదులుకోవడం కష్టంగానే ఉన్నదండీ. మొదటి పాదాన్ని ఇలా మార్చాను:
చర్మమందు చెమట చలువయై తోడుండ
చిల్లికుండ మాట నిజమే. దక్షిణాఫ్రికాలోని డీప్‌క్లూఫ్ గుహలో సుమారు 60 వేల ఏళ్ల నాటి, గీతలు చెక్కిన నిప్పుకోడి గుడ్డుపెంకులు దొరికాయి. వాటిలో నీళ్లు మోసి ఉంటారని పరిశోధకుల భావన. ఆ పెంకు మీద రెండో పూరణ రేపు పంపుతాను.