కాన్ఫరెన్స్ యాప్ దించుకుంటారు, మళ్ళీ తెరవరు. ఏం చేస్తే పనిచేస్తుంది?

సదస్సు_కమిటీ
విశాఖలో రెండు రోజుల డాక్టర్ల సదస్సు, ఇంకా ఏడు వారాలుంది. 900 మంది డెలిగేట్లు, మూడు హాళ్ళు, 40 స్టాళ్ళు. కిందటిసారి యాప్ దించుకున్నవాళ్ళు చాలామందే, భోజనాలయ్యాక తెరిచినవాళ్ళు దాదాపు లేరు. "హాల్ 2 ఎక్కడండీ", "సెషన్ మొదలైందా" అని అన్నీ వాట్సాప్ గ్రూపులోనే అడిగారు. ఈసారి లైవ్ ప్రశ్నలు, పోల్స్, స్టాళ్ళు తిరిగితే పాయింట్లు, గెలిచినవాళ్ళకు స్పాన్సర్ల బహుమతులు పెడదామంటున్నారు కమిటీలో కొందరు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవి?

ఈవెంట్_ఆప్స్
వాట్సాప్‌లో దొరికేదే యాప్‌లోనూ పెడితే ఎవరూ తెరవరండి. ఆ రెండు రోజులూ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి, కార్యక్రమ పట్టిక పీడీఎఫ్ అందులో వేయకండి. యాప్‌లో తప్ప ఇంకెక్కడా దొరకనివి మూడు చాలు: ఎంట్రీ క్యూఆర్, మార్పులతో సహా తాజా పట్టిక, సర్టిఫికెట్.

మీది డాక్టర్ల సదస్సు కాబట్టి మూడోదే మీ బలం. హాలు తలుపు దగ్గర బ్యాడ్జి స్కాన్ అయ్యేకొద్దీ క్రెడిట్ అవర్స్ (సదస్సుకు హాజరైనందుకు మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గంటలు) లెక్క యాప్‌లో కనిపిస్తే, ఎవరూ చెప్పకుండానే తెరిచి చూసుకుంటారు. హాజరు వివరాలు ఏ రూపంలో కావాలో మెడికల్ కౌన్సిల్‌ను ముందే అడిగి, డేటా అలాగే తీసుకోండి. నాలుగు ప్రశ్నల ఫీడ్‌బ్యాక్ నింపితే సర్టిఫికెట్ వచ్చేలా పెట్టండి. పదిహేను ప్రశ్నలు పెట్టారా, కళ్ళు మూసుకుని అన్నిటికీ "చాలా బాగుంది" నొక్కేస్తారు. ఇంకోటి: పేరు గడిలో వాళ్ళూ "డా." రాస్తారు, మీ సర్టిఫికెట్ డిజైన్‌లోనూ "డా." ఉంటుంది. రెండూ కలిసి "డా. డా." అని అచ్చవుతుంది, చూసుకోండి.

నోటిఫికేషన్ల అనుమతి యాప్ తెరవగానే అడగొద్దు. ఆండ్రాయిడ్ 13 నుంచి అనుమతి లేనిదే నోటిఫికేషన్ చూపించలేరు. ఐఫోన్‌లో ఆ ప్రశ్న ఒక్కసారే వస్తుంది, వద్దని నొక్కినవాళ్ళు తిరిగి సెట్టింగుల్లోకి వెళ్ళాల్సిందే. డెలిగేట్ ఏదైనా సెషన్‌ను తన పట్టికలో చేర్చుకున్నప్పుడు, "10 నిమిషాల ముందు గుర్తు చేయమంటారా?" అని మీ సొంత తెర ఒకటి చూపించి, అవునన్నవాళ్ళకే అసలు ప్రశ్న రానివ్వండి. రోజుకు ఐదారు నోటిఫికేషన్లు దాటితే మ్యూట్ చేసేస్తారు. హాలో సమయమో మారితే ఆ సెషన్ ఎంచుకున్నవాళ్ళకే పంపండి, అసలు విషయం మొదటి వరుసలోనే ఉండాలి: "హాల్ 2 సెషన్ 11:50కి మారింది". "ప్రియమైన డెలిగేట్లకు" అని మొదలుపెడితే లాక్ స్క్రీన్ మీద అంతవరకే కనిపిస్తుంది.

ఏడు వారాలంటే స్టోర్ పని ఈ వారమే మొదలవ్వాలి. ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత ఖాతా అయితే ముందు 12 మంది టెస్టర్లతో 14 రోజులు పరీక్ష నడపాలి. సంస్థ పేరుతో ఖాతాకు డన్స్ నంబరు (సంస్థలకు డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి. రెడీమేడ్ యాప్ అమ్మే కంపెనీ తన ఖాతాలోంచే పెడతానంటే ఆపిల్ తిప్పికొట్టొచ్చు, మీ సంఘం పేరుతోనే పెట్టించండి. ఇదంతా వద్దనుకుంటే బ్రౌజర్‌లోనే తెరుచుకునే వెబ్ యాప్ చాలు. కానీ దాన్ని హోమ్ స్క్రీన్‌కు చేర్చుకుంటేనే ఐఫోన్‌లో నోటిఫికేషన్లు వస్తాయి, అదీ ఐఓఎస్ 16.4 నుంచే.

నెట్‌వర్క్_డెస్క్
పై మాటలన్నీ నిజమే, హాల్లో నెట్ ఉంటే. వేదిక వాళ్ళు "వైఫై ఉంది" అంటే నమ్మకుండా మూడు విషయాలు అడగండి.

ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో ఫోన్‌కు ఇచ్చే నంబర్లు) ఎన్ని? మామూలుగా /24 (ఎన్ని అడ్రసులో తేల్చే సెట్టింగ్) పెట్టి వదిలేస్తారు, అంటే 254 పరికరాలకే. 900 మంది ఫోన్లు, లాప్‌టాప్‌లు కలిపి లెక్కేస్తే /21 కావాలి, 2046 వస్తాయి. లీజు సమయం (ఒకరికిచ్చిన అడ్రసు వాళ్ళ పేరనే ఉండే సమయం) 24 గంటలుంటే వెళ్ళిపోయినవాళ్ళ అడ్రసులు కూడా పట్టుకునే ఉంటుంది, దాన్ని గంటకో రెండు గంటలకో తగ్గించమనండి. సిగ్నల్ నిండుగా ఉన్నా కనెక్ట్ కావట్లేదు అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) ఎన్ని? ఒక్కోదానికి 50-60 ఫోన్లు అనుకుని ప్లాన్ చేయండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్ళు మూడే (1, 6, 11), అందుకే పెద్ద హాల్లో అందరినీ 5 గిగాహెర్ట్జ్ మీదకు మళ్ళించాలి.

లాగిన్ ఎలా? ఎస్సెమ్మెస్ ఓటీపీ పెడితే విదేశీ వక్తలు బయటే ఉండిపోవచ్చు. పాస్‌వర్డ్‌ను బ్యాడ్జి వెనక అచ్చు వేయండి, గొడవ ఉండదు. యాప్ లాగిన్‌కు కూడా ఓటీపీ ఉంటే, ఆ మెసేజ్ టెంప్లేట్ డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఎస్సెమ్మెస్ నమోదు వ్యవస్థ) రిజిస్టర్ అయి ఉండాలి. తర్వాత ఎవరైనా ఒక్క పదం మార్చారంటే ఆపరేటర్ దాన్ని ఆపేస్తాడు.

పట్టిక, మ్యాప్ మాత్రం నెట్ లేకున్నా తెరుచుకోవాలి. ఫ్లైట్ మోడ్ పెట్టి మీరే పరీక్షించండి.

సదస్సు_కమిటీ
ఇద్దరికీ ధన్యవాదాలు. పాయింట్ల ఆట సంగతి ఏమంటారు? పోల్స్‌కు కూడా జనం కదలరేమోనని భయం.

స్టేజ్_మేనేజర్
పాయింట్ల మీద నాకంత గురి లేదు. స్టాల్ క్యూఆర్‌ను ఒకరు ఫొటో తీసి గ్రూపులో పెడితే, మిగతావాళ్ళు టీ తాగుతూ 40 స్టాళ్ళూ "తిరిగేస్తారు". పెట్టక తప్పదంటే స్టాల్ వాళ్ళే డెలిగేట్ బ్యాడ్జిని స్కాన్ చేయాలి, ఫోన్ నంబరు కంపెనీకి వెళ్తుందని ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. బహుమతుల మాట మాత్రం మానేయండి. యూసీపీఎంపీ 2024 (మందుల కంపెనీల మార్కెటింగ్ నియమావళి) ప్రకారం మందుల కంపెనీలు డాక్టర్లకు గిఫ్టులు ఇవ్వకూడదు, మీ యాప్ చేతుల మీదుగా ఇప్పించినా అంతే.

పోల్స్‌కు జనం కదలకపోవడానికి సగం కారణం క్యూఆర్ సైజే. స్కాన్ చేసే దూరంలో పదో వంతు ఉండాలనేది లెక్క. 25 మీటర్ల వెనక వరుసకు తెర మీద రెండున్నర మీటర్ల క్యూఆర్ కావాలి, కుదరదు. ప్రతి కుర్చీ వెనక చిన్న క్యూఆర్ కార్డు అంటించండి, తెర మీద టైపు చేసుకునే పొట్టి కోడ్ చాలు, అది ప్రతి స్లయిడ్ కింద ఉండాలి. కార్డులకు లామినేషన్ మాట్‌దే వేయించండి, మెరిసేదైతే లైట్ల కింద స్కాన్ కాదు.

సెషన్‌కు రెండు పోల్స్, నాలుగు ఆప్షన్లు, 40 సెకన్లు. మొదటిది వక్త మాట్లాడటం మొదలుపెట్టగానే రావాలి, ఒక కేసు చెప్పి "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగేది. ఫలితం వెంటనే తెర మీద చూపించి వక్త దాని మీద మాట్లాడాలి, లేకపోతే రెండో పోల్‌కు ఎవరూ వేలు కదపరు. పోల్స్‌కు వేరే లాప్‌టాప్, మధ్యలో హెచ్‌డీఎంఐ స్విచర్ (తెరను ఒక లాప్‌టాప్ నుంచి ఇంకోదానికి మార్చేది) పెట్టండి. వక్త లాప్‌టాప్‌లోనే పోల్ తెరిస్తే స్లయిడ్ షో ఆగిపోయి అందరికీ అతని డెస్క్‌టాప్ కనిపిస్తుంది.

ప్రశ్నలకు ఛైర్‌పర్సన్ చేతికి ట్యాబ్ ఇవ్వండి. మైకు తిప్పకముందే యాప్‌లో ఎక్కువ ఓట్లు వచ్చిన రెండు ప్రశ్నలు చదవమని ముందే చెప్పండి. సీనియర్ల ముందు లేచి అడగలేని పీజీ విద్యార్థులు పేరు లేకుండా అడుగుతారు, కాబట్టి పేరు తప్పనిసరి చేయొద్దు. కానీ మోడరేటర్ చూశాకే ప్రశ్న తెర మీదకు రావాలి.