పెద్దయ్యాక కాథలిక్కుగా చేరాలంటే ఏం చేయాలి?

మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం అనే ప్రొటెస్టెంట్ సంఘం), చిన్నప్పుడే బాప్తిస్మం అయింది. మావారు కాథలిక్కు, మూడేళ్లుగా ఆయనతో చర్చిలో పూజకు వెళ్తున్నా, కానీ అందరూ దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకోవడానికి లేచినప్పుడు నేనొక్కదాన్నే బల్ల మీద కూర్చోవడం చాలా బాధగా ఉంటుంది. మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?

జవాబు: అక్కరలేదండీ. నీళ్లతో, తండ్రి కుమార పవిత్రాత్మ నామమున ఇచ్చే బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే, మీ బాప్తిస్మాన్ని కాథలిక్ సభ కూడా ఒప్పుకుంటుంది. బాప్తిస్మం సర్టిఫికెట్ తీసుకుని ముందు మీ విచారణ (స్థానిక చర్చి) ఫాదర్‌గారిని కలవండి. కొంతకాలం ఉపదేశం, తర్వాత పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం), విశ్వాస ప్రకటన, భద్రమైన అభ్యంగనం (నుదుటి మీద తైలం పూసి విశ్వాసాన్ని స్థిరపరచడం), దివ్యసత్ప్రసాదం ఉంటాయి. పెళ్లి ఎక్కడ జరిగిందో కూడా దాచకుండా చెప్పండి, అదీ చూస్తారు.

ఇంకో జవాబు: నాకు అసలు బాప్తిస్మమే లేదు కాబట్టి దాదాపు ఏడాది పట్టింది. పెద్దవాళ్లను దశలవారీగా సిద్ధం చేసే ఈ పద్ధతి రెండో వాటికన్ మహాసభ (కాథలిక్ బిషప్పుల పెద్ద సభ) తర్వాత 1972లో వచ్చింది. ఈస్టర్ ముందు రాత్రి చీకట్లో పాస్కా వత్తి (ఈస్టర్‌కు వెలిగించే పెద్ద కొవ్వొత్తి) నుంచి నా చిన్న కొవ్వొత్తి వెలిగించి ఇచ్చినప్పుడు చేతులు వణికాయి, నుదుటి మీద తైలం వాసన మర్నాటి దాకా పోలేదు.

అడిగినవారు: ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌గారితో మాట్లాడతాను. టెన్షన్ సగం తగ్గింది, థాంక్సండీ.