జెరియాట్రిక్స్‌లోని ‘జెర్’, మన ‘జర’ ఒకటేనా?

ప్రశ్న:
ముసలితనపు జబ్బులకు చేసే వైద్యాన్ని జెరియాట్రిక్స్ అంటారు కదా. అందులోని ‘జెర్’, ‘జరామరణాలు’లోని ‘జర’ ఒకటేనా? లేక చెవికి మాత్రమే అలా తోస్తోందా? అసలు ఈ పదాన్ని ఎక్కడ విడగొట్టాలి?

జవాబు 1:
చుట్టరికం నిజమే, కానీ మీకు వినిపించిన ‘జ’ దానికి సాక్ష్యం కాదు. గ్రీకులో ముసలితనం ‘గేరస్’, గట్టి గకారంతో. అది ఇంగ్లీషులో ‘జె’గా మారడం చాలా తర్వాతి సంగతి. అసలు సాక్ష్యం వరసగా కనబడే ధ్వని మార్పు: సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకు తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలోని తాలవ్య గకారం (నాలుక అంగిలి వైపు లేపి పలికే ‘గ’) గ్రీకులో ‘గ’గా నిలిచింది, సంస్కృతంలో ‘జ’ అయింది. మోకాలికి గోను–జాను, జాతికి గెనోస్–జనస్. గేరస్–జర కూడా ఆ వరసలోదే. ‘జీర్ణం’ కూడా ఈ ధాతువు బిడ్డే. జీర్ణ దేవాలయం అన్నప్పుడు పాతబడి శిథిలమైందనే అర్థం ఇంకా పదిలంగా ఉంది. మన ‘ముసలి’, ‘ముది’ మాత్రం ద్రావిడ పదాలు, వీటికి సంబంధం లేదు.

జవాబు 2:
విడగొట్టాల్సింది ‘జెర్’ తర్వాత. మిగిలిన ‘ఇయాట్రిక్స్’లో ఉన్నది గ్రీకు ‘ఇయాత్రోస్’, అంటే వైద్యుడు. ‘ట్రిక్స్’ ప్రత్యయమనుకుంటే తప్పులో కాలేసినట్టే. పీడియాట్రిక్స్, సైకియాట్రీలలో ఉన్నదీ ఈ వైద్యుడే. ఆబ్‌స్టెట్రిక్స్‌లో (ప్రసూతి వైద్యంలో) లేడు, అది మంత్రసానికి లాటిన్‌లో ఉన్న ‘ఆబ్‌స్టెట్రిక్స్’ అనే మాట నుంచి వచ్చింది.

ఇది ప్రాచీన పదమేమీ కాదు. వియన్నాలో పుట్టి న్యూయార్క్‌లో వైద్యం చేసిన ఇగ్నాజ్ నాషర్ 1909లో, పీడియాట్రిక్స్‌ను చూసి ఈ మాటను కల్పించాడు. ముసలివాడు అనే అర్థమున్న ‘గెరోన్’ (ప్రాతిపదిక ‘గెరోంత్’) నుంచి తీసి ‘జెరొంటియాట్రిక్స్’ అనాల్సిందని కొందరు పండితులు తప్పుబట్టారు. నాకు ఆ అభ్యంతరం సబబనిపించదు. ఆయన తీసుకున్నది ముసలివాణ్ణి కాదు, ముసలితనాన్ని. జీవశాస్త్రవేత్త మెచ్నికోఫ్ 1903లో వాడిన జెరొంటాలజీ (ముసలితనాన్ని గురించిన శాస్త్రం) అనే మాటలో మాత్రం ఆ ‘గెరోంత్’ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే సీనియర్, సెనైల్ (ముసలితనపు) కూడా ఈ కుటుంబమేనా?

జవాబు 1:
కాదండీ. అవి లాటిన్ ‘సెనెక్స్’ (ముసలివాడు) సంతానం. సంస్కృతంలో దానికి జోడు ‘సన’, అంటే పాత, ‘సనాతన’ అక్కడిదే. రోములో పెద్దల సభ సెనేట్ అయింది కూడా సెనెక్స్ వల్లే. ప్రాచీన గ్రీకు నగరరాజ్యం స్పార్టాలో అలాంటి సభకు గెరోన్ నుంచి ‘గెరూసియా’ అని పేరు. అందులో ఇద్దరు రాజులు కాక 28 మంది, అందరూ 60 దాటినవాళ్లు.