అసిస్టెంట్లకు హెపటైటిస్-బి టీకా: టైటర్ చూడాల్సిందేనా?

కొత్త కుర్చీ:
రెండు కుర్చీల డెంటల్ క్లినిక్. ఇద్దరు అసిస్టెంట్లు, ఊడ్చి తుడిచే ఆవిడ ఒకరు. "గ్లౌజులు ఉన్నాయిగా, టీకా ఎందుకు? చిన్నప్పుడు వేసే ఉంటారు" అంటున్నారు. బీడీఎస్‌లో ఉండగా వేయించుకున్న డాక్టర్లేమో టైటర్ (టీకా తర్వాత రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే పరీక్ష) ఊసే ఎత్తరు. ముందు ఎవరికి వేయించాలి? టైటర్ అవసరమా?

ముప్పయ్యారో పన్ను:
గ్లౌజు సూదిని ఆపదండీ. టీకా లేనివారికి హెపటైటిస్-బి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్‌ఐవీకి 0.3 శాతమే, కానీ మనవాళ్ల భయమంతా దానికే! ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ 7 రోజులు బతుకుతుంది. అందుకే ట్రేలు కడిగేవారికి, చెత్త సంచి కట్టే ఆవిడకు ముందు వేయించండి. సూది ఎటు ఉందో డాక్టరుకు కనిపిస్తుంది, వాళ్లకు కనిపించదు.
'చిన్నప్పుడు వేశారు' అన్న మాట నమ్మొద్దు. దేశమంతటా పిల్లల టీకాల్లో ఇది చేరింది 2011లోనే.

ఆటోక్లేవ్:
పెద్దలకు 1 మి.లీ., 0, 1, 6 నెలలకు, భుజం కండలోకి. పిరుదుకు వేస్తే యాంటీబాడీలు సరిగా రావు. వయల్ 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ గోడకు ఆనించి గడ్డకట్టనిచ్చారా, ఇక పారేయడమే.

కొత్త కుర్చీ:
మధ్యలో ఒక డోసు తప్పిపోతే మళ్లీ మొదటినుంచా సార్?

ఆటోక్లేవ్:
అక్కర్లేదు, ఆగినచోటి నుంచే. రెండు, మూడు డోసుల మధ్య కనీసం 8 వారాలు, మొదటికీ మూడోదానికీ 16 వారాలు ఉంటే చాలు.
టైటర్ మూడో డోసు తర్వాత 1–2 నెలలకు చూడాలి. మి.లీ.కు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన వస్తే మళ్లీ బూస్టర్లు వద్దు. తక్కువైతే ఇంకో మూడు డోసులు, మళ్లీ టైటర్. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్ష (వైరస్ ఇప్పటికే ఒంట్లో ఉందేమో చూసేది) చేయించాలి. పొగతాగేవారిలో, ఊబకాయుల్లో, 40 దాటినవారిలో స్పందన తగ్గుతుంది.
కాలేజీలో వేయించుకుని అప్పట్లో టైటర్ చూసుకోని డాక్టర్ల సంగతి వేరు. ఇప్పుడు తక్కువ వస్తే టీకా పనిచేయలేదని కాదు. ఒక డోసు వేయించి, 1–2 నెలలాగి మళ్లీ చూడండి.

ముప్పయ్యారో పన్ను:
టీకా లేనివారికి సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడగాలి. ఆ సూది వాడిన పేషెంటుకు వెంటనే యాంటిజెన్ పరీక్ష. పాజిటివ్ అయితే గుచ్చుకున్నవారికి హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) బరువులో కిలోకు 0.06 మి.లీ., 24 గంటల్లోపు. అదే రోజు రెండో చేతికి టీకా మొదటి డోసు. ఆ ఇమ్యునోగ్లోబులిన్ ఖరీదు ముందు మూడు డోసుల ఖర్చు ఏపాటి? "ఆరు నెలల్లో మానేసే అమ్మాయికి ఎందుకు దండగ" అనే యజమానులకు ఈ లెక్క చూపించండి.