పీఎస్4 ఆట మధ్యలో కూలిపోతోంది: పేస్టా, హార్డ్‌డిస్కా, చిప్పా?

రాత్రిఆట: నాది పీఎస్4 స్లిమ్ గేమ్ కన్సోల్. ఈమధ్య దించుకున్న పెద్ద ఆటలు కాసేపటికే బిగుసుకుపోయి, సీఈ-34878-0 అని చూపించి మెనూకి తోసేస్తున్నాయి. పాత ఆటలకి ఏమీ లేదు. షాపతను చిప్‌కి రీఫ్లో (కాల్చి కింది టంకం కరిగించి మళ్లీ అతికించడం) చెయ్యాలంటున్నాడు. చేయించమంటారా?

సోల్డర్‌మేస్త్రి: రీఫ్లో దాకా ఎందుకు, చిప్ వేడిని హీట్‌సింక్‌కి (చల్లబరిచే లోహపు దిమ్మకి) చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయుంటుంది. విప్పితే సుద్దపొడిలా రాలుతుంది చూడండి. పేస్ట్ మార్చి, హీట్‌సింక్ సందుల్లో దుమ్ము లాగెయ్యండి.

మల్టీమీటర్: వేడైతే ఆ కోడ్ ఎందుకొస్తుంది మేస్త్రిగారూ? మరీ వేడెక్కితే వేడెక్కానని పీఎస్4 తెర మీదే చెబుతుంది. పవర్ సప్లై పోతే చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. ఇక్కడ కన్సోల్ బతికే ఉంది, ఆట ఒక్కటే చచ్చింది. ఆ కోడ్‌కి అర్థం కూడా అంతే. ముందు కన్సోల్ ఆపేసి, పవర్ బటన్ రెండో బీప్ దాకా నొక్కిపట్టి సేఫ్ మోడ్‌లోకి (రిపేర్ మెనూలోకి) వెళ్లి రీబిల్డ్ డేటాబేస్ (డిస్క్ అంతా చదివి ఫైళ్ల జాబితా మళ్లీ రాయించడం) చెయ్యాలి. స్క్రూడ్రైవర్ సంగతి తర్వాత.

సోల్డర్‌మేస్త్రి: పేస్ట్ ఎండితే చిప్ తప్పులు చేస్తుంది, ఆట కూలుతుంది. మీరు ఎన్ని విప్పారేంటి ఇప్పటిదాకా?

గుంపులోగోవిందా: నాదాని ఫ్యాన్ మోతకి టీవీ వినపడదు. ఒక్కసారీ కూలలేదు మరి :)

రాత్రిఆట: నాది ఫ్యాన్ మామూలుగానే ఉంది. సేవ్‌లు (ఆటలో ఎంతదాకా వచ్చామో దాచిన ఫైళ్లు) యూఎస్‌బీకి ఎక్కిస్తుంటే ఒకచోట ఆగిపోయింది, మళ్లీ పెట్టినా అక్కడే. అది వేరే గొడవ అనుకుంటా.

మల్టీమీటర్: రీఫ్లో మాట మాత్రం మర్చిపోండి. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 పాడైతే వెలిగే ఎర్ర వలయం గుర్తుందా? 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీ మూడేళ్లకి పెంచి రిపేర్లకి 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. చిప్‌ని బోర్డుకి అతికించే టంకం గుళ్లు విరిగాయని, వేడికి అతుకుతాయని జనం కన్సోల్‌కి తువ్వాళ్లు చుట్టారు, హీట్ గన్‌లు పట్టారు. తీరా 2021లో కంపెనీవాళ్లే చెప్పారు, పగుళ్లు చిప్ ప్యాకేజీ (చిప్, దాన్ని మోసే పలక కలిసిన ముక్క) లోపలట! వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి వచ్చినవి. పైనుంచి కాలిస్తే కొన్నాళ్లు అంటుకుంటాయి, అంతే.

సోల్డర్‌మేస్త్రి: నేను హీట్ గన్ ముట్టను. రీబాల్ చేస్తా, చిప్ ఊడదీసి కింద కొత్త గుళ్లు వేస్తా.

మల్టీమీటర్: రీబాల్‌లో మారేది కింది గుళ్లే కదా. పగులు లోపల ఉంటే?

సోల్డర్‌మేస్త్రి: అంటే రిపేర్ చేసేవాళ్లందరం దొంగలమనా?

మల్టీమీటర్: నా పీఎస్3కి పాడైందని చెప్పే పసుపు లైటొస్తే ఒకతను కాల్చి ఇచ్చాడు. కొన్నాళ్లకే మళ్లీ పోయింది, ఫోనెత్తడు. మా తమ్ముడి సేవ్‌లన్నీ అందులోనే. బోర్డు మీద చిప్‌కి కరెంటు నిలకడగా అందించే ఎన్ఈసీ టోకిన్ కెపాసిటర్లు పోయినా అదే లైటొస్తుంది. అతను మీటరే పెట్టలేదు!

సోల్డర్‌మేస్త్రి: అదన్నమాట సంగతి. ఎవడో ముంచితే ఆ కోపం నామీద! చూసినందుకు ఎవరూ పైసా ఇవ్వరండీ. గంటలకొద్దీ కొలిచి "చిప్ పోయింది, బాగవదు" అంటే "మరి నువ్వు చేసిందేంటి" అని పెట్టె ఎత్తుకుపోతారు. కాల్చి వెలిగించినవాడికి దండం పెట్టి మరీ ఇస్తారు.

మల్టీమీటర్: అందుకని వెలిగించి పంపెయ్యడమేనా? ఇది నిలవదని బిల్లు మీద రాసివ్వమనండి, చూసినందుకు నేనిస్తా డబ్బులు.

సోల్డర్‌మేస్త్రి: నేను రాసే ఇస్తున్నా. అది చదివి పక్క షాపుకి పోతున్నారు.

మూలనకూర్చున్నవాడు: మీ గొడవలో అసలు మాట పోయింది. కాపీ ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందని ఆయన పైనే రాశారు. సేవ్‌లు ఎక్కించడానికి చిప్ కాగిపోదు కదా? హార్డ్‌డిస్క్‌లో ఆ భాగం పోయింది. కొత్త ఆటలు అక్కడే కూర్చునుంటాయి. రాత్రిఆటగారూ, రీబిల్డ్ ఇప్పుడు వద్దు, పోతున్న డిస్క్‌ని ఇంకా అరగదీసినట్టే. ముందు సేవ్‌లు ఒక్కొక్కటిగా తీసుకోండి.

మల్టీమీటర్: రీబిల్డ్ వల్ల నష్టమేం లేదు.

సోల్డర్‌మేస్త్రి: డిస్క్ మార్చినా పేస్ట్ మార్చాల్సిందే.

రాత్రిఆట: ఒక్కొక్కటిగా పెడితే ఎక్కుతున్నాయి! మొండికేసేది ఒక్కటే, పోతే పోనీ. కొత్తగా ఏ డిస్క్ తీసుకోవాలి?

సోల్డర్‌మేస్త్రి: 2.5 అంగుళాల సాటా (ల్యాప్‌టాప్‌లో వాడే రకం) హార్డ్‌డిస్క్, మందం 9.5 మి.మీ. దాటకూడదు. వెనక మూలన మూత లాగితే ఒక్క స్క్రూ, ట్రే బయటికొస్తుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పూర్తి ఫైలు యూఎస్‌బీలో పెట్టుకోండి, అప్‌డేట్ ఫైలు పనికిరాదు. షాపతనికి డబ్బులివ్వక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.