అప్‌డేట్: మా ముత్తాత మునసబు పని ఎందుకు వదిలేశారంటే

పెదనందిపాడు దగ్గర పల్లెలో గ్రామ మునసబుగా (సర్కారు తరఫున శిస్తు వసూలు చేసే గ్రామాధికారిగా) ఉన్న మా ముత్తాత 1922లో ఉన్నట్టుండి ఆ పని ఎందుకు మానేశారో తెలియడం లేదని అడిగాను కదా. ఇంట్లో మాత్రం అన్నదమ్ముల గొడవ అనేవాళ్లు.

మీరు చెప్పినట్టే పాత దస్తావేజులు వెతికాను. గుంటూరులో మా పెదనాన్నగారి బీరువాలో ఒక స్టాంపు కాగితం దొరికింది, జార్జి చక్రవర్తి బొమ్మతో, మడతల దగ్గర చిరిగిపోయి. ఆ గొలుసుకట్టు రాత నాకు అర్థం కాలేదు, పెదనాన్నే భూతద్దం పెట్టి కూడబలుక్కుంటూ చదివారు. 1922 మార్చిలో రెండెకరాల తాకట్టు, 'సర్కారు శిస్తు బకాయి నిమిత్తం'. పేరు పక్కన 'మాజీ మునసబు'.

ఆ తారీఖు పక్కన చరిత్ర పెట్టి చూస్తే ఒళ్లు జలదరించింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) రైతులు సర్కారుకు శిస్తు కట్టబోమని తెగేసి చెప్పింది అప్పుడే, మునసబులూ కరణాలూ వరసగా రాజీనామాలు ఇచ్చారు, ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషను తగలబెట్టిన తర్వాత గాంధీగారు సహాయ నిరాకరణ పోరాటం ఆపేశాక జనం బకాయిలు కట్టాల్సి వచ్చింది. రాజీనామా కాగితం ఇంకా దొరకలేదు గానీ, అన్నదమ్ముల గొడవ మాట నేనైతే ఇక నమ్మను. ఆయన్ని తలచుకుంటే గర్వంగా ఉంది.

ఆ పొలం విడిపించుకున్నారో లేదో కూడా చూడాలి. అప్పటి రిజిస్ట్రేషన్ నకళ్లు తీయించినవాళ్లుంటే ఎలాగో చెప్పండి.